పోయే ముందు ఏం కావాలని అవ్వను అడగడానికి నాకు 28 రోజులు పట్టింది

నేను ఆశా కార్యకర్తను. మాది కామారెడ్డి వైపు ఒక పల్లె. ఏ ఇంటికి పోయినా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. 2011 నుంచి ఈ పని చేస్తున్నాను. గర్భిణులు, పిల్లల టీకాలు, టీబీ మందులు, బీపీ, షుగర్ సర్వేలు అన్నీ చేశాను. ఒక మనిషి మంచం పక్కన కూర్చుని "నీకు టైం దగ్గర పడితే ఎక్కడ ఉండాలని ఉంది, ఏం చేయాలి, ఏం చేయొద్దు" అని అడగడం మాత్రం 2024 వరకు ఎప్పుడూ చేయలేదు. ఆ మొదటిసారి ఎలా జరిగిందో తేదీలతో సహా రాస్తున్నాను. నాలాగే భయపడే అక్కాచెల్లెళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

జూన్ 11, 12 తేదీల్లో జిల్లా ఆస్పత్రిలో మాకు పాలియేటివ్ కేర్ మీద, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ మీద, రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. మొదటి రోజు నొప్పి మాత్రలు, పుండ్లకు కట్లు, మంచాన పడ్డవాళ్ళను పక్కకు తిప్పడం నేర్పారు. అందరం శ్రద్ధగా రాసుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం సిస్టర్ "ఇక నయం కాదని తేలిన పేషెంట్‌తో ముందు సంగతులు మీరే మాట్లాడాలి" అనగానే హాలంతా గుసగుసలు. మా మండలం అక్క ఒకామె లేచి, "మేం కాన్పులకు తోలుకపోయేటోళ్ళం సిస్టర్. చావు మాట మా నోట వస్తే రేపు ఏ కోడలు మమ్మల్ని ఇంట్లోకి రానిస్తది?" అంది. చాలామంది తలూపారు. నేనూ ఊపాను. మా అమ్మ ఎప్పుడూ అనేది, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడు మాట అనకూడదని. ఆ భయం చదువుతో పోలేదు, 13 ఏళ్ళ సర్వీసుతోనూ పోలేదు.

ఇంకో భయం కూడా ఉంది. నేను మాట్లాడిన వారానికే ఆ మనిషి పోతే? "ఆశమ్మ వచ్చి చెప్పిపోయింది, ధైర్యం చెడి పోయింది" అంటారు. ఊళ్ళో ఆ మాట ఒక్కసారి పుడితే నా బతుకంతా వెంటాడుతుంది.

టీ తాగేటప్పుడు పక్క పీహెచ్‌సీ పెద్దక్క ఒకామె నెమ్మదిగా చెప్పింది. "నేను ఎప్పటినుంచో అడుగుతున్న చెల్లె. పేరు తెల్వదు అంతే. మనసుల ఏమన్న ఉన్నదా అని అడుగుత. వాళ్ళే చెప్తరు." ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

వారానికే, జూన్ 19న, మా వాడకట్టులో అవ్వను హైదరాబాద్ నుంచి తీసుకొచ్చారు. వయసు 64. యాభై ఏళ్ళు బీడీలు చుట్టింది, తంబాకు బుగ్గన పెట్టుకునే అలవాటు. దవడ క్యాన్సర్. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ ఇచ్చారు. మళ్ళీ పెరిగింది. ఇక నొప్పి తగ్గించడమే వైద్యం అని చిన్న కొడుకుతో చెప్పి, మార్ఫిన్ మాత్రలు రాసి పంపారు. కొడుకు ఆ సంగతి తల్లికి చెప్పలేదు. గుమ్మంలోనే నన్ను పక్కకు పిలిచి, "అక్కా, అమ్మకు తెల్వద్దు. తెలిస్తే అన్నం ముట్టది" అని చేతులు పట్టుకున్నాడు. నేను సరేనన్నాను. అప్పటికి నాకూ అదే కావాలి.

మొదటి పది రోజులు కట్లతోనే సరిపోయింది. బుగ్గ బయటికి పుండు పడింది, వాసన వరండా దాకా వచ్చేది. మనవలు దగ్గరికి రావడం మానేశారు. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే అవ్వ మొహం గోడకు తిప్పుకునేది. ట్రైనింగ్‌లో చెప్పినట్టు మెట్రోనిడజోల్ మాత్రలు కాగితంలో పెట్టి చపాతీ కర్రతో మెత్తగా నలిపి, ఉప్పు నీళ్ళతో కడిగిన పుండు మీద ఆ పొడి చల్లాం. గాజుగుడ్డ కొనలేక పాత నూలు చీర ముక్కలు చేసి, ఉడకబెట్టి ఎండలో ఆరేశాం. నాలుగో రోజుకు వాసన తగ్గింది. ఆరో రోజు చిన్న మనవరాలు వచ్చి మంచం మీద కూర్చుంది. అవ్వ ఆ పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది, ఊరికే, పనేమీ లేకపోయినా.

మాత్రల విషయంలో గొడవ వేరు. నాలుగు గంటలకొకటి, రాత్రి పదికి రెండు కలిపి వేయాలి. మత్తు మందు అలవాటవుతుందని కొడుకు సగం మాత్రలు దాచి, మరీ ఏడ్చినప్పుడే ఇచ్చేవాడు. గోడ మీద బొగ్గుతో ఆరు, పది, రెండు, ఆరు, పది అని రాశాను. మలబద్ధకానికి ఇచ్చిన మాత్ర కూడా రోజూ వేయాలి, అది మర్చిపోతే మార్ఫిన్ మీద కోపం వస్తుంది. టైం ప్రకారం పడ్డాక అవ్వ మూడు రాత్రులు వరసగా నిద్రపోయింది. నొప్పి తగ్గకముందు ముందు సంగతులు ఎత్తొద్దని సిస్టర్ ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. నొప్పిలో ఉన్న మనిషికి నొప్పి తప్ప ఇంకేమీ ఉండదు.

ఇక మాట్లాడాల్సింది నేనే. రోజూ అనుకుని పోయేదాన్ని. బీపీ చూసి, కట్టు మార్చి వచ్చేసేదాన్ని. ఒక రోజు మంగళవారమని, ఒక రోజు అమావాస్యని, ఒక రోజు కోడలు ఇంట్లో ఉందని, ఇంకో రోజు లేదని. నా డైరీలో జూలై 3, 8, 12 తేదీల ఎదురుగా "మాట్లాడలేదు" అని రాసి ఉంది.

జూలై 17 తొలి ఏకాదశి. పేలాల పిండి పట్టుకుని పోయాను. అవ్వ నమలలేదు. చిటికెడు పిండి నీళ్ళలో తడిపి నాలుక మీద పెట్టమంది. పెట్టాను. కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. బెల్లం, యాలకుల వాసన. అప్పుడు పెద్దక్క మాట గుర్తొచ్చి అడిగాను. "అవ్వా, మనసుల ఏమన్న ఉన్నదా?"

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఆగి ఆగి చెప్పింది. "నాకెర్కే బిడ్డా. పట్నంల డాక్టరు కొడుకును పక్కకు పిలిస్తె నాకు తెల్వదా? నువ్వు దినాం వచ్చి కూసొని పోతున్నవ్. ఏదో అడుగుతవని సూస్తున్న."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమే నా చెయ్యి తట్టింది. నేను ఆమెను కాపాడుతున్నానని అనుకున్న 28 రోజులూ ఆమె నన్ను కాపాడుతూ కూర్చుంది.

తరువాత గంటన్నర మాట్లాడింది. నేను అడగాలని కాగితం మీద రాసుకున్న ప్రశ్నలు నాలుగైదు. ఆమె చెప్పినవాటిలో సగం ఆ కాగితంలో లేనివే. ముక్కుకు పైపు వేసి తిండి ఎక్కించొద్దు. పట్నంలో చిన్న కొడుకు కిరాయింటికి తీసుకుపోవద్దు, అక్కడ ప్రాణం పోతే ఓనరు శవాన్ని గేటులోపల ఉంచనీయడు, వాడకట్టులో అదే జరిగింది చూశాను అంది. పోయేటప్పుడు మంచం మీదనుంచి కింద పడుకోబెట్టొద్దు, కింద సల్లగుంటది అంది. చెవుల కమ్మలు కోడలికి, బిడ్డకు కాదు, బిడ్డకు పెళ్ళప్పుడే ఇచ్చాను అంది. మస్కట్‌లో ఉన్న పెద్ద కొడుకు కోసం తనను ఫ్రీజర్ డబ్బాలో పెట్టి రెండు రోజులు ఆపొద్దు. "తల్లికి తలకొరివి చిన్నోడే పెట్టాలె కదా. పెద్దోడు వచ్చేదుంటే ఇప్పుడే రమ్మను. నేను మాట్లాడేటప్పుడు రమ్మను."

జూలై 21 ఆదివారం ఇంటివాళ్ళను కూర్చోబెట్టాను. ఆ రోజు నా జీవితంలో కష్టమైన రోజుల్లో ఒకటి. చిన్న కొడుకు నా మీద అరిచాడు, చెప్పొద్దన్నాను కదా అని. అవ్వే లోపల్నుంచి "అది చెప్పలే, నేనే చెప్పిన" అంది. మస్కట్ కొడుకు వీడియో కాల్‌లో, "ఎంత ఖర్చయినా సరే, మంచి ప్రైవేటు ఆస్పత్రిలో పెట్టండి, పైపు వేయండి. తిండి పెట్టక చంపిండ్రని ఊరు అంటది" అన్నాడు. దూరాన ఉన్నవాడి బాధ అది. చేతులతో చేయలేనిది డబ్బుతో చేయాలనుకుంటాడు. నాకు తెలుసు, 2019లో మా నాన్న విషయంలో నేనూ అదే చేశాను. ఐసీయూలో 9 రోజులు, గొంతులో పైపు, 4 లక్షల 60 వేలు. చివరి రోజు ఆయన చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. ఆయనకేం కావాలో ఎవరం అడగలేదు. ఆ సంగతి అంతకుముందు ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఫోన్‌లో ఆ కొడుక్కి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

ఆ గదిలో ఎవరూ అడగనిది ఒకామెను. కోడలు. అవ్వను కడిగేది, తుడిచేది, రాత్రి లేచి మాత్ర వేసేది ఆమె. బీడీల పని ఆగిపోయింది, వారం కూలి పోయింది. "చెల్లె, నువ్వేమంటవ్?" అన్నాను. "ఇంట్లనే ఉంటది అక్కా. కానీ రాత్రిపూట ఏమన్నయితే నాకు భయం. ఒక్కదాన్ని చెయ్యలేను" అంది. అంతా దాని చుట్టూ తిరగాల్సిన మాట అది. అప్పుడే రాత్రి వంతులు వేసుకున్నారు. ఆడబిడ్డ శని, ఆదివారాలు వచ్చేట్టు ఒప్పుకుంది.

ఇక కాగితం సంగతి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, కోలుకునే ఆశ లేనప్పుడు నాకు మిషన్ల మీద ప్రాణం నిలబెట్టొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు వచ్చిందని ట్రైనింగ్‌లో చెప్పారు. మొదట్లో మెజిస్ట్రేటు సంతకం కావాలి. 2023 జనవరిలో దాన్ని సులువు చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరిస్తే చాలన్నారు. పీహెచ్‌సీ డాక్టరు గెజిటెడ్ ఆఫీసరే. ఇది నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది, అప్పటికే నోటరీ కోసం ఆటో మాట్లాడాం.

డాక్టర్ గారు చిన్న వయసు, మంచివారు. కానీ కాగితం చూసి వెనక్కి ఇచ్చారు. "నాకు సర్క్యులర్ ఏదీ రాలేదమ్మా. రేపు ఏదైనా అయితే?" ఆయన భయం నా భయం లాంటిదే. నేను కోప్పడలేకపోయాను. పదకొండు రోజులు గడిచాయి. చివరికి పాలియేటివ్ కేర్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించాను. ఆగస్టు 2 శుక్రవారం పల్లె దవాఖానకు వచ్చిన రోజు సంతకం చేశారు. రిటైరైన టీచర్ గారు, మహిళా సంఘం లీడర్ సాక్షులు. వేలిముద్ర వేయించబోతే అవ్వ ఒప్పుకోలేదు. సంఘంలో సంతకం నేర్చుకుంది. పెన్ను పట్టుకుని ఒక్కో అక్షరం గీస్తుంటే మధ్యలో చెయ్యి వణికి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఐదు అక్షరాలకు ఎంతసేపు పట్టిందో, ఎవరం కదల్లేదు.

కాపీ ఒకటి గ్రామ పంచాయతీలో ఇవ్వాలి. అక్కడ దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకు తెలియలేదు. రెండుసార్లు తిరిగి, మూడోసారి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని వచ్చాను.

చివరికి ఆ స్టాంపు కాగితం ఎవరూ విప్పలేదు. పనికొచ్చింది నేను రాసిన ఇంకో కాగితం. నోటుబుక్కు చించి పెద్ద అక్షరాలతో రాసింది: గురక లాంటి శబ్దం వస్తే ఏం చేయాలి, రక్తం వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, 108కి ఎందుకు చేయొద్దు. వాళ్ళు వస్తే వాళ్ళ పని వాళ్ళు చేస్తారు, ఆస్పత్రికి తీసుకుపోక తప్పదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంచం పైన దూలానికి వేలాడదీశాం. పుండు నుంచి ఒక్కసారిగా రక్తం రావచ్చని ముదురు రంగు తువ్వాళ్ళు రెండు పక్కన పెట్టించింది సిస్టర్. తెల్ల గుడ్డ మీద రక్తం చూస్తే ఇంటివాళ్ళు బెదిరిపోతారు, ముదురు గుడ్డ మీద అంత కనిపించదు. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మస్కట్ కొడుకు ఆగస్టు 16న వచ్చాడు. రెండు వారాల సెలవు, జీతం లేకుండా. రాఖీ పండుగ ఇంట్లోనే చేసుకున్నారు. మొదటి రెండు రోజులు తల్లి మొహం చూడలేక బయటే తిరిగాడు. మూడో రోజు నుంచి కట్టు మార్చడం నా దగ్గర నేర్చుకుని తనే చేశాడు. ఆగస్టు 30న వెళ్ళేటప్పుడు వాకిట్లో అవ్వ వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి, "మళ్ళ రాకు. వచ్చిపోయినవ్ కదా" అంది.

సెప్టెంబర్ 7 వినాయక చవితి నాటికి గుక్కెడు నీళ్ళు కూడా కష్టమయ్యాయి. వీధి చివర మండపం, రాత్రి పదకొండు దాకా మైకు. కోడలు వెళ్ళి చెప్పగానే పిల్లలు ఆపేశారు, అడిగిన రోజు నుంచే. దూది తడిపి పెదాలు తడపడం, మాత్ర నలిపి రెండు చుక్కల నీళ్ళతో మంచివైపు నాలుక కింద వేయడం, పక్కకు తిప్పడం. అంతే మిగిలింది.

13వ తేదీ రాత్రి ఒంటిగంట నలభైకి ఫోన్. గొంతులో గురగుర మొదలైంది. నేను పోయేసరికి చిన్న కొడుకు ఫోన్ చేతిలో పట్టుకుని, 108 అని నొక్కి, డయల్ చేయకుండా నిలబడ్డాడు. కోడలు దూలం నుంచి కవర్ దించి చదువుతోంది, పైకి, గట్టిగా, బళ్ళో పాఠం చదివినట్టు. "పక్కకు తిప్పాలి. తల కింద దిండు. నోట్లో ఏమీ పోయొద్దు. ఆమెకు నొప్పి లేదు, ఆ శబ్దం మనకే కష్టం." వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సిస్టర్‌కు ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తింది.

తెల్లవారుజామున నాలుగు దాటాక అవ్వ మరిది వచ్చాడు. కుటుంబానికి పెద్ద. "ప్రాణం మంచం మీద పోవద్దు, కింద దించండి" అన్నాడు. వద్దన్నదని నేను చెప్పాను, నేను రాసిన కాగితం చూపించాను. "ఆమెకేం తెలుసు, ఇంటికి అరిష్టం" అన్నాడు. కొడుకు నా వైపు చూసి తల దించుకున్నాడు. నలుగురూ పట్టి కింద చాప మీద పడుకోబెట్టారు. చాప కింద ఇంకో రెండు దుప్పట్లు పరిచాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. సల్లగుంటది అన్న ఆమె మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఈసారి ఇంటి పెద్దమనిషిని ముందే పిలిచి కూర్చోబెట్టాలని డైరీలో మొదటి పేజీలో రాసుకున్నాను.

5 గంటల 40 నిమిషాలకు పోయింది. కోడలు చెయ్యి పట్టుకుని ఉంది, మనవరాలు పక్కన నిద్రపోతోంది. ఫ్రీజర్ డబ్బా తేలేదు, మధ్యాహ్నం రెండుకల్లా చిన్న కొడుకు తలకొరివి పెట్టాడు. మస్కట్ కొడుకు వీడియోలో చూశాడు.

ఖర్చు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. మార్ఫిన్, కట్ల మందులు ఉచితం, జిల్లా పాలియేటివ్ కేర్ సెంటర్‌లో ఇచ్చారు. పేషెంట్ కార్డు తీసుకుపోతే చాలు, ఆమెను మోసుకుపోనక్కర్లేదు. రెండు వారాలకోసారి నేనో కోడలో పోయి తెచ్చాం. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ, ఆటోకు 60. నీటి పరుపు 2,200. డైపర్లు నెలకు 1,500 దాకా అయ్యాయి, అవే ఎక్కువ. స్టాంపు కాగితం, జిరాక్సులు 180. నా ఫోన్ ఖర్చు, తిరిగిన రోజులు లెక్కలో లేవు. 2024లో మాకు నెలకు వచ్చిన 9,750లో ఈ పనికి విడిగా ఏమీ లేదు. ఉండాలి. ఒక్క మనిషికి మూడు నెలలు పట్టే పని ఇది.

సెప్టెంబర్ 20న కొడుకుతో పోయి పంచాయతీలో మరణం నమోదు చేయించాను. 21 రోజుల లోపైతే ఆలస్య రుసుము ఉండదు. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెడితే 17. వాటిని కవర్లో వేసి జిల్లా సెంటర్‌లో ఇచ్చి, రాయించుకుని వచ్చాను.

దినాలు అయిన మర్నాడు కోడలు నీటి పరుపు కడిగి, గోడకు ఆరేసి, నాకు ఫోన్ చేసింది. అదే రోజు ఇంకో ఫోన్ వచ్చింది, ట్రైనింగ్‌లో లేచి మాట్లాడిన మా మండలం అక్క. వాళ్ళ ఊళ్ళో ఒక తాతకు కాలేయం క్యాన్సర్. పరుపు దొరుకుతుందా అని అడిగింది. సాయంత్రం ఆటోలో వచ్చింది. పరుపు మడిచి కట్టుకున్నాక కాసేపు అరుగు మీద కూర్చుని, "మొదటి మాట ఏమని అడిగినవ్?" అంది. చెప్పాను. రెండుసార్లు తనలో తాను అనుకుని, ఆటో ఎక్కింది.